కుండ పగలగొట్టిందెవరు?

నవంబర్ 3, సోమవారం

కాగితం వచ్చీసింది. శుక్రవారమే!

జిల్లా నుంచి ఆఫీసరు ఒకాయన వస్తారట. మా పన్నెండు మంది పిల్లల్నీ చదివిస్తారు, ప్రశ్నలడుగుతారు, మా బడికి ఒక అక్షరం వేసి వెళ్ళిపోతారు. పోయినేడు వేసిన అక్షరం 'డి'. ఈసారీ డి అయితే బడి నడిపే మా ట్రస్టుతో ఒప్పందం రద్దు. ఈ జువెనైల్ హోమ్ గోడల లోపల ఇక బడి ఉండదు. రెండంటే రెండు లైన్లలో రాసి పంపారు, పేరంటానికి పిలిచినట్టు.

పోయినేడు డి ఎందుకొచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కేసుల్లో ఇరుక్కున్న పిల్లలు... జువెనైల్ బోర్డు విడుదల చేస్తే వెళ్ళిపోతారు కదా. పిల్లాడు తల్లి చెయ్యి పట్టుకుని ఇంటికి పోతే, తనిఖీ వాళ్ళ ఫారంలో వాడు 'బడి మానేసినవాడు'. లోపలే ఉంటే మంచి బడి, ఇంటికి పంపితే చెడ్డ బడి! ఇదేటి లెక్కో. ఆ ఫారం తయారుచేసిన మహానుభావుడు కనబడితే బుర్ర మీద రెండు మొట్టాలనుంది.

బడి పోతే నాకేం, రాజాంలోనో ఇక్కడ శ్రీకాకుళంలోనో ఇంకో బళ్ళో చెప్పుకుంటాను. వీళ్ళకి మాత్రం పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా టీవీ హాలే. వీళ్ళలో తవుడనేవాడి సంగతి మరీను. పదిహేడేళ్ళు. కళింగపట్నంలో బోటు ఇంజిన్లు విప్పి బిగించిన చేతులు. ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయరా, ఐటీఐలో చేరొచ్చు అని నేను ఎంత బతిమాలానో... ఇప్పుడు వాడే నన్ను బతిమాలుతున్నాడు. డిసెంబరులో ఆ పరీక్ష ఫారం మా బడి స్టాంపుతోనే వెళ్ళాలి. స్టాంపుండాలంటే బడుండాలి.

భయమేస్తోంది. రాసేశాను కదా, ఇక భయపడను.

నవంబర్ 4

సూపరింటెండెంట్ గారు నీలం రంగు డబ్బాలు రెండు తెప్పించారు. "గోడలు కళగా ఉంటే గ్రేడు పెరుగుతాదమ్మా." గోడల్ని చదవమనరు కదండీ, అన్నాను. ఆయన నవ్వలేదు.

మధ్యాహ్నం ఎవరో తన్నితే ఒక డబ్బా ఒలికిపోయింది. గది నిండా నీలం. అందరూ బొమ్మల్లా నిలబడిపోయి నావైపు చూస్తున్నారు. "గుడ్డలు తెండి" అన్నాను. అంతే. ఎవరు తన్నారని అడగను. నాలుగేళ్ళుగా ఈ గదిలో అడగలేదు. స్టేషన్లో అడిగారు, బోర్డులో అడిగారు, ఇంటి దగ్గరా అడిగే ఉంటారు... ఒక్క నా గదిలోనే 'ఎవరు చేశారు' అన్న ప్రశ్న లేదు. వాళ్ళ ఫైళ్ళు కూడా చదవను. మొదట్లో మా లెక్కల మాస్టారు, అప్పల్రాజు గారు, "అలగైతే నెత్తికెక్కి కూకుంటారమ్మా" అనేవారు. ఇప్పుడాయనా అడగరు.

నలుగురు గుడ్డలు పట్టుకొచ్చి తుడిచారు. తన్నినవాడు ఆ నలుగురిలో ఉంటాడు. ఎప్పుడూ ఉంటాడు.

నవంబర్ 5

కార్తీక పౌర్ణమి. పొద్దున్నే నాగావళిలో రెండు దీపాలు వదిలాను. బావ గట్టు మీద నిలబడి, "ఒకటి నీ బడి గుంటల పేరున, ఒకటి మొగుడి పేరునా?" అంటాడు.

"నీకేటయింది బావా, రాయిలాగున్నావు. రెండూ వాళ్ళవే."

నవంబర్ 6

అసిరి చదివాడు!!

పదమూడేళ్ళ గుంటడు. మార్చిలో వచ్చినప్పుడు వాడి పేరు రాసి చూపిస్తే తెల్లమొహం వేశాడు. ఈరోజు పేజీ మొత్తం. వేలు పెట్టకుండా! 'ప్రయత్నం' దగ్గర ఆగాడు, పెదాలు కదిపాడు, మేం అందరం ఊపిరి బిగబట్టాం... దాటేశాడు. క్లాసంతా బల్లలు బాదేశారు. నాకు కళ్ళు నిండిపోయాయి. కనబడనివ్వకూడదని "ఏటా గోల! ఇది బడా, సంతా?" అని కేకలేశాను.

తవుడు వెనక బల్లలోంచి — "ఒరే, మేడం ఏడ్సేసి మనల్ని తిడతన్నారు."

వెధవకి అన్నీ కనబడతాయి.

పన్నెండు మందికి పన్నెండు మందీ చదువుతున్నారు. రేపు రండి ఆఫీసరు గారూ. డి అట, డి!

నవంబర్ 7, శుక్రవారం

నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆఫీసరు గారు విజయనగరం మనిషి. తెల్ల చొక్కా, కళ్ళజోడు, మాట మెత్తన. పరీక్ష గదిలో టీచర్లు ఉండకూడదన్నారు. నేనూ మాస్టారూ వరండాలో కూర్చున్నాం. కిటికీ తీసే ఉంది.

ముందు చదవడం. దంచేశారు. ఒక్కొక్కడు చదివి వస్తుంటే మాస్టారు వేళ్ళు మడుస్తున్నారు. అసిరి కూడా ఎక్కడా ఆగలేదు.

తర్వాత అర్థం చేసుకోవడం. ఒక్కొక్కడినీ పిలిచి చిన్న కథ చదివించి మూడు ప్రశ్నలు. కథేమిటంటే, సోముడు బంతాడుతూ అవ్వ కుండ పగలగొట్టాడు. గడ్డివాము వెనక దాక్కున్నాడు. గిరి చూశాడు. ఇంతే. రెండో తరగతి పిల్లలు చెప్పేస్తారు.

మొదట గోపి.

"కుండ పగలగొట్టిందెవరు బాబూ?"

"తెల్దు సార్."

"ఇప్పుడే చదివావు కదా?"

"సదివాన్సార్. నాను సూడలేదు."

రెండోవాడు — "ఆ టైముకి నానక్కడ లేను సార్."

మూడోవాడు — "సోముడంటే ఎవరో నాకు పరిచయం లేదు సార్."

అసిరి చేతులు వెనక్కి కట్టుకుని నేల చూస్తూ — "మా లాయరు గారొచ్చినాక సెప్తాన్సార్."

ఓలమ్మో! కొంగు నోట్లో కుక్కుకున్నాను. మాస్టారు గోడవైపు తిరిగిపోయారు, భుజాలు మాత్రం ఎగురుతున్నాయి.

తవుడు అందరికన్నా మర్యాదగా — "కుండ ముందే బీటేసుందేమో సార్."

"గిరి చూశాడని రాసుంది కదా?"

"గిరికీ సోముడికీ పాత గొడవలుండొచ్చు సార్."

కళ్ళలోంచి నీళ్ళు కారేలా నవ్వుతున్నాను నేను. ఏడో పిల్లాడి దగ్గర మాస్టారు మెల్లిగా అన్నారు — "అమ్మా... ఇవన్నీ సున్నాలు."

అక్కడాగింది నవ్వు.

పన్నెండు మందిలో ఒక్కడంటే ఒక్కడు సోముడి పేరు చెప్పలేదు.

ఆఫీసరు గారి వెనకాలే గేటు దాకా పరిగెత్తాను. "వాళ్ళకి తెలుసు సార్! మొత్తం తెలుసు!"

"తెలుసని నాకూ తెలుసమ్మా. వాళ్ళ నోట్లోంచి వచ్చిందే నేను నొక్కాలి. ఈ ట్యాబులో తప్పు, ఒప్పు... రెండే ఉన్నాయి." కాస్త ఆగి మళ్ళీ ఆయనే — "కారణం రాసిస్తే ఒకేసారి మళ్ళీ పరీక్ష పెట్టొచ్చు. సోమవారం లోపల ఇవ్వండి."

ఇంటికొచ్చి బావకి చెప్పాను. లాయరు గారి మాట దగ్గరికొచ్చేసరికి టీ ముక్కులోకెక్కి దగ్గీ దగ్గీ చచ్చాడు. తర్వాత నా మొహం చూసి, "ఏటే... బడి పోతాదేటి?" అన్నాడు.

పోతాది బావా. కుండ పగిలినందుకు పోతాది.

నవంబర్ 8

తప్పు వాళ్ళది కాదు, నాది. నాలుగేళ్ళు 'ఎవరు చేశారు' అని అడక్కుండా పెంచాను. ఇప్పుడు ఎవడో వచ్చి అడిగితే వాళ్ళకి గుర్తొచ్చేది నా గది కాదు, స్టేషనే.

అయినా అడిగాను — "చెప్తే ఏం పోయిందిరా?"

తవుడు — "మేం పేరు సెప్తే ఆయన రాసుకుంటన్నాడు మేడం. మా ఎదురుగానే."

"కథలో పిల్లాడికి కేసేటిరా బాబూ!" అని మాస్టారు తల పట్టుకున్నారు.

"సోముడూ మనలాటోడే కద మాస్టారూ."

ఏం చెప్పను దీనికి? తిడదామని వెళ్ళినదాన్ని గర్వం పట్టలేక తిరిగొచ్చాను. లేని పిల్లాడి కోసం పన్నెండు మంది సున్నాలు తెచ్చుకున్నారు. ఒక్కడికీ విచారం లేదు.

నవంబర్ 9, ఆదివారం

ఉత్తరం రాయాలి. కారణం... ఏమని?

'కథలోని ముద్దాయి మీద సాక్ష్యం చెప్పుటకు మా విద్యార్థులు ఇష్టపడలేదు.' కొట్టేశాను. 'భయం వలన.' అది కూడా కొట్టేశాను. భయం కాదది. బావ పక్కన కూర్చుని ఉల్లిపాయలు కోస్తూ ఒక్కో వాక్యానికీ నవ్వుతున్నాడు. చివరికి తనే — "ఉన్నదున్నట్టు రాసీ. నీకు అబద్ధం రాయడం రాదు, రాస్తే దొరికిపోతావు" అన్నాడు.

ఉన్నదున్నట్టే రాశాను. ఒక పేజీ.

నవంబర్ 10

సూపరింటెండెంట్ గారు చదివారు. మళ్ళీ చదివారు. "ఇది పైకి పంపితే నవ్వుతారమ్మా." నవ్వనివ్వండి సార్, నవ్వినవాళ్ళు సంతకం పెడతారు, అన్నాను. ఆయన కూడా చివరికి నవ్వీశారు. నవ్వుతూనే సంతకం.

సాయంత్రం ఫోను. శుక్రవారం మళ్ళీ పరీక్ష. కథ వేరేది, ప్రశ్నలు అలాంటివే!

నవంబర్ 11

ఈరోజు నా నియమం నేనే తప్పాను. తప్పక తప్పింది.

చిన్న కథ అల్లి బోర్డు మీద రాశాను. సీత ఉట్టి మీది బెల్లం తినేసింది. "బెల్లం తిన్నదెవరు?" ఆ మాట నా నోట్లోంచి వస్తుంటే నాకే ఎవరో వేరే మనిషి మాట్లాడినట్టుంది. పన్నెండు మంది చేతులూ వెనక్కి వెళ్ళిపోయాయి. నా ముందు! నా ముందు వాళ్ళెప్పుడూ అలా నిలబడలేదు.

అసిరి లేచాడు.

"నానే మేడం."

"కథలోరా నాన్నా..."

"నానే తిన్నాను. ఆ అమ్మాయినేటీ అనొద్దు."

ఎవరూ నవ్వలేదు. అసిరి ఎందుకిక్కడున్నాడో నాకు తెలీదు. ఆఫీసు గదిలో బీరువాలో ఉంది వాడి ఫైలు. ఈరోజు మొదటిసారి చదవాలనిపించింది. చదవలేదు. అందరినీ ఆటకి పంపేశాను.

మూడు రోజులే ఉన్నాయి.

నవంబర్ 12

నేను వెళ్ళేసరికే తవుడు గది గుమ్మంలో నిలబడున్నాడు. వెనకాల మిగతావాళ్ళు.

"మేడం, మేం మాటాడుకున్నాం. పేరు సెప్తాం. కానీ పేరొక్కటే సెప్పం."

"మరి?"

"పేరు సెప్పి ఆపీస్తే అది సాడీ. ఎందుకు సేసాడు, తరవాతేటి సేసాడు, అదీ సెప్పనిస్తే సాడీ కాదు."

ఓరి నీ అసాధ్యం కూలా! నాలుగేళ్ళ నుంచీ నాకు తట్టలేదు ఈ మాట. వాడి బుగ్గ గిల్లేశాను, పదిహేడేళ్ళవాడిని, అందరి ముందూ. ఎర్రగా అయిపోయాడు.

ఇక చూడాలి! మాస్టారు తువ్వాలు తల మీద కప్పుకుని అవ్వయిపోయారు. "నా కుండ... నా కుండ!" అని రాగం. ఒకడు సోముడి తరఫున లేచి, "అవ్వా, దారి మధ్యన కుండెందుకు పెట్టినావు?" అని నిలదీశాడు. ఇంకొకడు, "బంతి కొత్తది మేడం, వాడికింకా అలవాటవలేదు." అవ్వ ఊరుకుంటుందా, "కొత్త బంతైతే నీ ఇంట్లో ఆడుకో!" అంది. చివరికి తీర్పు కూడా వాళ్ళే — సోముడు కుండ కొనివ్వాలి, నెల్లాళ్ళు అవ్వకి నీళ్ళు మొయ్యాలి, అవ్వ వాడికి మజ్జిగివ్వాలి. మజ్జిగ మీద పెద్ద తగువు. నెల్లాళ్ళూనా, వారమేనా అని. వంటగదివాళ్ళు కూడా వచ్చి గుమ్మంలో నిలబడి చూశారు.

ఈ పిల్లలకి అర్థం చేసుకోవడంలో సున్నా అట.

మధ్యాహ్నం గోపికి విడుదల కాగితం! వాళ్ళమ్మ పాతపట్నం నుంచి బస్సులో వచ్చింది. గేటు దగ్గర వాడి మొహం రెండు చేతుల్తో పట్టుకుని వదలదు. "సిక్కిపోనావురా" అంటుంది, నాలుగు కిలోలు పెరిగినవాణ్ణి పట్టుకుని. పదకొండు మందీ గోడ పక్కన నిలబడి పళ్ళాలు మోగించారు. వాడు కనుమరుగయ్యేదాకా ఆపలేదు.

ఫారంలో ఇంకో 'బడి మానేసినవాడు'. పోనీ! ఇలాంటి మార్కు రోజుకొకటి పోవాలి.

నవంబర్ 13

అసిరి ఇవాళ కూడా పేరు చెప్పలేదు. కథ చక్కగా చదువుతాడు, ప్రశ్న అడిగితే తల దించుతాడు. ఒత్తిడి చెయ్యలేదు. చెయ్యలేను. ఆఫీసరు గారు చెప్పారు, పదకొండు మందిలో తొమ్మిది మంది చెప్తే డి తప్పుతుంది. మిగతా పదిమంది మీద నాకు నమ్మకం ఉంది. వాడు చెప్పకపోయినా ఫరవాలేదు అనుకుంటున్నాను... అనుకుంటున్నాను గానీ నిజం కాదు. వాడు చెప్పాలని ఉంది. గ్రేడు కోసం కాదు.

నవంబర్ 14, శుక్రవారం

బాలల దినోత్సవం. సూపరింటెండెంట్ గారు అందరికీ తలా ఒక గులాబీ పువ్వు ఇచ్చారు. చొక్కాలకి గుచ్చుకుని పెళ్ళివారిలా కూర్చున్నారు.

అదే ఆఫీసరు. అదే వరండా. నేనూ మాస్టారూ.

కిటికీలోంచి కథ వినబడింది. రాజు పక్కింటివాళ్ళ ఎర్ర సైకిలు అడక్కుండా తీసుకుపోయాడు. తోటమాలి చూశాడు. సాయంత్రం రాజు సైకిలు తుడిచి, గాలి కొట్టి, తెచ్చి పెట్టేశాడు.

సైకిలు! ఇంకే కథా దొరకలేదా తల్లీ! ఫైళ్ళు చదవకపోయినా నాకామాత్రం తెలుసు, ఈ పదకొండు మందిలో సగం మంది ఎవరి బండో తీసే ఇక్కడికొచ్చారని.

మొదట తవుణ్ణి పిలిచారు. "సైకిలు ఎవరు తీశారు?"

గొంతు సవరించుకున్నాడు. "రాజు తీసాడు సార్. అడగలేదు, అది తప్పే. తోటమాలి సూసాడు. ఎర్ర సైకిలు. సాయంత్రానికి తుడిసి, గాలి కొట్టి తెచ్చీసాడు. అడిగుంటే ఇచ్చీవోరే... అడగడానికి భయమేసుంటాది."

మాస్టారి భుజం మీద ఒక గుద్దు గుద్దేశాను. పాపం పెద్దాయన, చెయ్యి రుద్దుకుంటూ నవ్వుతున్నారు.

ఒకడి తర్వాత ఒకడు. అందరూ చెప్పారు! ప్రతివాడూ రాజు పేరు చెప్పి, ఆ వెంటనే రాజు తరఫున ఒక మాట. ఒకడైతే పక్కింటివాళ్ళ మీదే పడ్డాడు — "తాళమెందుకెయ్యలేదు సార్?" ఆఫీసరు గారు దగ్గుతున్నట్టు నోటికి చెయ్యడ్డం పెట్టుకున్నారు. దగ్గు కాదది. పదిమంది అయ్యారు. పది! డి తప్పిందనుకున్నాను, మాస్టారి చెవిలో అరిచేశాను కూడా.

ఆఖర్న అసిరి.

చదివాడు. నిమిషంలో చదివేశాడు.

"సైకిలు ఎవరు తీశారు బాబూ?"

తల దించాడు. నేను లేచి కిటికీ ఊచలు పట్టుకున్నాను. 'నానే' అనకురా... అనకురా నాన్నా...

"రాజు."

మిగతా రెండు ప్రశ్నలకీ చెప్పాడు, తోటమాలి, ఎరుపు. ఆఫీసరు గారు ట్యాబు నొక్కి, "శభాష్. వెళ్ళు బాబూ" అన్నారు.

వాడు కదల్లేదు.

"తిరిగి తెచ్చీసాడు సార్."

"అవును బాబూ."

"అదీ రాయండి సార్."

"దానికి ఇందులో గడి లేదు నాన్నా."

"గడి లేపోతే కిందన రాయండి. పేరు రాసీనారు కదా. అదీ రాయండి. రాసినాక ఎల్తాను."

చేతులు వెనక్కి లేవు. రెండూ బల్ల మీదే ఉన్నాయి, ట్యాబు పక్కన.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. జేబులోంచి పెన్ను తీసి, ముందున్న కాగితాల మీదికి ఒంగారు. అసిరి అప్పుడొచ్చాడు బయటికి. గులాబీ పువ్వు ఎక్కడో పడిపోయింది. నేను వాణ్ణి ఎత్తుకున్నంత పని చేశాను. "ఒగ్గీండి మేడం, అందరూ సూస్తన్నారు" అని గింజుకున్నాడు.

ఇంత సంతోషం నాకెప్పుడూ లేదు. నా పెళ్ళికి కూడా లేదు. బావకి చెప్తే, "నాకు తెలుసులే" అన్నాడు.

నవంబర్ 17, సోమవారం

గ్రేడు రాలేదు. గోపిని మానేసినవాడిగా లెక్కేస్తే డి మళ్ళీ మీదికొస్తుందేమోనని సూపరింటెండెంట్ గారి బెంగ. రెండు వారాలు పట్టొచ్చట. తవుడి ఫారం నింపేశాం, స్టాంపు దగ్గర ఖాళీగా ఉంది. సొరుగులో పెట్టాను. వాడు రోజుకి నాలుగుసార్లు సొరుగు తీసి చూసి మూసేస్తున్నాడు.

అసిరి గ్రేడు గురించి అడగడు. ఇంటర్వెల్లో నా కుర్చీ పక్కకొచ్చి నిలబడ్డాడు.

"సారు అది రాసినారా మేడం? మీరు కిటికీ కాడున్నారు కదా."

పెన్ను కదలడం చూశాను. కాగితం మీద ఏముందో నాకు ఆనలేదు. వాడి మాటే రాశారో, సంతకమే పెట్టుకున్నారో, పిల్లాణ్ణి పంపడానికి ఊరికే గీత గీశారో...

"రాశార్రా" అన్నాను.

నమ్మాడు. ఆటస్థలం వైపు పరిగెత్తాడు, అందరికీ చెప్పడానికి. "రాసీనారట్రా! రాసీనారట!" గదిలోకి వినబడుతోంది.

ఆఫీసరు గారి నెంబరు నా దగ్గరుంది. గ్రేడు ఏమైందని అడగడానికి సూపరింటెండెంట్ గారే ఇచ్చారు. పొద్దుట్నించి రెండుసార్లు నొక్కి కట్ చేశాను. ఆయన ఎత్తితే ముందు గ్రేడు అడగను, ఆ కాగితం మీద ఏం రాశారో అడుగుతాను. రాయలేదంటే?